ఓయూల చేరినంక సెంట్రల్ యూనివర్సిటీ పిలిస్తే?

ప్రతి ఏడు ఇదే ముచ్చట. జిల్లా నుంచి వచ్చిన పిల్ల సీపీగెట్ రాసి ఉస్మానియాలో పీజీ సీటు తెచ్చుకుంటది. తిరిగి తిరిగి హాస్టల్లో మంచం జాగ సంపాదిస్తది. క్లాసులు మొదలైనయో లేదో, గచ్చిబౌలి నుంచి కబురు వస్తది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ తర్వాతి జాబితాలో పేరున్నది, ఫలానా తారీఖు లోపల ఫీజు కట్టాలె అని. చేతిల ఉన్నది రెండు మూడు రోజులు. ఇంటికి ఫోన్ చేస్తే ‘నీ ఇష్టం బిడ్డా’ అంటరు. ఎందుకంటే ఆ ఇంట్ల యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్లనే.

ఆ రెండు మూడు రోజుల్లో సలహాలకు కొదువ ఉండదు. ‘సెంట్రల్ వచ్చినంక ఇంకా ఆలోచన ఏంది?’ అని ఒకరు. ‘ఉద్యమాల గడ్డను విడిచిపెట్టి పోతవా?’ అని ఇంకొకరు. ఇద్దరూ పేరు గురించే మాట్లాడుతున్నరు. ఆ పిల్ల జేబు గురించి, భాష గురించి, రెండేండ్ల తర్వాతి బతుకు గురించి అడిగినోళ్లు లేరు. ఈ రెండింటిలో ఏది గొప్ప అన్నది అసలు ప్రశ్నే కాదు. ఈ మనిషికి, ఈ సబ్జెక్టుకు, ఈ పరిస్థితిల ఏది పనికొస్తది అన్నదే ప్రశ్న.

రెండూ మనయే

ముందు ఒక మాట తేల్చుకోవాలె. ఉస్మానియా మనది, సెంట్రల్ యూనివర్సిటీ పరాయిది అనే ఆలోచన మనోళ్లలో ఇంకా ఉన్నది. చరిత్ర చూస్తే అది నిలువదు.

ఉస్మానియా 1918లో మొదలైంది. దేశ భాషలో, అంటే ఉర్దూలో, పై చదువులు చెప్పాలనే సాహసం చేసిన విశ్వవిద్యాలయం అది. 1969లో, 2009లో తెలంగాణ లేచి నిలబడ్డది ఆ ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీదనే. ఆ మెట్ల మీద కూసున్నోళ్లలో ఈ వ్యాసం రాస్తున్నోడు కూడా ఒకడు. కాబట్టి ఓయూ అంటే మనకు ఎంత మమకారమో ఎవరూ చెప్పనక్కర లేదు.

మరి సెంట్రల్ యూనివర్సిటీ ఎట్ల వచ్చింది? ఢిల్లీ దయతలచి ఇచ్చింది కాదు. 1969 తెలంగాణ ఉద్యమం, ఆ తర్వాత 1972 ముల్కీ తీర్పు, దాని వెనుక జై ఆంధ్ర ఉద్యమం, వీటన్నిటినీ చల్లార్చడానికి 1973 సెప్టెంబర్ 21న ఆరు సూత్రాల పథకం తెచ్చిండ్రు. ముల్కీ నిబంధనలు పోయినయి, తెలంగాణ ప్రాంతీయ సంఘం పోయింది. పోగొట్టుకున్న వాటి పక్కన చేతుల పెట్టినదాంట్ల ఒకటి, హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం. రాజ్యాంగంలో 371-ఇ అధికరణ అందుకోసమే చేరింది. 1974 అక్టోబర్ 2న యూనివర్సిటీ మొదలైంది. అంటే ఆ యూనివర్సిటీ మన నేల మీద, మన ఉద్యమాల మూల్యంగా వచ్చింది. అక్కడ సీటు వచ్చిన పిల్ల ఓయూను మోసం చేసి పోతున్నట్టు కాదు. తనకు రావాల్సిన చోటికి ఆలస్యంగా పోతున్నది, అంతే.

అయితే తేడా ఒకటి మరువద్దు. ఓయూలో స్థానికులకు 85 శాతం సీట్లు అనే నియమం 1974 రాష్ట్రపతి ఉత్తర్వు నుంచి ఉన్నది. సెంట్రల్ యూనివర్సిటీకి ఆ ఉత్తర్వు వర్తించదు. దేశమంతటి పిల్లలతో పోటీ పడాలె. ఆ పోటీలో గెలిచి సీటు తెచ్చుకున్న పల్లె పిల్లను ‘ఎందుకు పోతవ్’ అని ఆపే హక్కు ఎవరికున్నది?

అన్నం ఎవరు పెడతరు?

చదువు సంగతి తర్వాత, ముందు ఈ ప్రశ్న అడగాలె. పీజీతోటి ఆగేటోళ్లకు రెండు చోట్లా ఖర్చు లెక్కలు వేరు వేరు. కానీ పరిశోధన దాకా పోవాలనుకునేటోళ్లకు తేడా పెద్దది. సెంట్రల్ యూనివర్సిటీల్లో జేఆర్ఎఫ్ రాని పీహెచ్‌డీ విద్యార్థికి కూడా యూజీసీ నెలకు 8 వేల రూపాయల నాన్-నెట్ ఫెలోషిప్ ఇస్తది. 2015లో దాన్ని తీసేస్తమంటే దేశమంతా విద్యార్థులు యూజీసీ ఆఫీసు ముందట కూసున్నరు. రాష్ట్ర యూనివర్సిటీ విద్యార్థికి ఆ 8 వేలు లేవు. ఒకే నగరం, ఒకే సబ్జెక్టు, ఒకే తీరు పరిశోధన. ఒకరికి మెస్ బిల్లు ఎల్లిపోతది, ఇంకొకరు పొద్దున కోచింగ్ సెంటర్లో పాఠం చెప్పి రాత్రి థీసిస్ రాసుకోవాలె.

జేఆర్ఎఫ్ వచ్చినోళ్ల సంగతి వేరు. 2023 నుంచి నెలకు 37 వేలు. ఆ ఫెలోషిప్ విద్యార్థి పేరు మీద వస్తది, యూనివర్సిటీ పేరు మీద కాదు. ఓయూలో చేరినా, గచ్చిబౌలిలో చేరినా వెంట వస్తది. అందుకే జేఆర్ఎఫ్ ఉన్నోళ్లు యూనివర్సిటీ బోర్డు చూసి కాదు, గైడ్‌ను చూసి ఎంచుకోవాలె. ఓయూలో మంచి గైడ్లు లేరని కాదు. కానీ ఏండ్ల తరబడి నియామకాలు లేక సగానికి మించి అధ్యాపక పోస్టులు ఖాళీగ ఉంటూ వచ్చినయి. ఉన్న ఒక్క ప్రొఫెసర్ రిటైరయితే పరిశోధకుడు మధ్యల అనాథ అయితడు. డిపార్ట్‌మెంటుకు పోయి, ఎందరు పర్మినెంట్, ఎందరు కాంట్రాక్టు, మీ గైడ్‌కు ఎన్నేండ్ల సర్వీసు మిగిలింది అని అడగండి. సిగ్గు పడాల్సింది అడిగినోళ్లు కాదు, ఆ పోస్టులు నింపని సర్కార్లు.

ఏ భాషల ఆలోచిస్తవు?

మూడో సంగతి భాష. సెంట్రల్ యూనివర్సిటీ పీజీ ప్రవేశం ఇప్పుడు సీయూఈటీ ద్వారా. భాషా సబ్జెక్టులు తప్పితే ఆ ప్రశ్నపత్రం ఇంగ్లిషు, హిందీలల్లనే. ఇంటర్, డిగ్రీ తెలుగు మీడియంల చదివిన పిల్ల అక్కడి దాకా చేరిందంటేనే సగం యుద్ధం గెలిచినట్టు. మిగిలిన సగం క్లాసు రూముల ఉంటది. దేశం నలుమూలల నుంచి వచ్చినోళ్ల నడుమ, సెమినార్ పేపర్లు ఇంగ్లిషుల రాసుకుంట, మొదటి సెమిస్టర్ చాలామందికి చీకటి గదే. దాటినోళ్లు మాత్రం గట్టిపడి బయటికి వస్తరు.

ఓయూలో సోషల్ సైన్సెస్ పిల్లలకు పరీక్ష తెలుగుల రాసుకునే వీలు ఉంటూ వచ్చింది. గ్రూప్స్‌కు ప్రిపేర్ అయ్యేటోళ్లకు, లెక్చరర్ పోస్టు కోసం చూసేటోళ్లకు ఆ లైబ్రరీ, ఆ చెట్ల కింది చర్చలు, తోటి అభ్యర్థుల గుంపు ఒక పెద్ద ఆస్తి. సర్కార్ నౌకరి లక్ష్యంగా పెట్టుకున్న తమ్ముడు మొదటి ఏడాది సగం గడిచినంక ఆ గుంపును విడిచిపెట్టి, పేరు కోసం గచ్చిబౌలికి పోతే లాభం ఏంది? అదే ఫిజిక్సులోనో, లైఫ్ సైన్సెస్‌లోనో పరిశోధన చేయాలనుకునే చెల్లె, అక్కడి ల్యాబు వదులుకొని మమకారంతోటి ఓయూలనే ఉంటే అదీ నష్టమే.

పెద్ద పేరుకు పెద్ద మనసు ఉంటదా?

పేరు గౌరవానికి గ్యారెంటీ కాదు. సెంట్రల్ యూనివర్సిటీలో 2015లో ఐదుగురు దళిత పరిశోధకులను హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టిండ్రు. 2016 జనవరి 17న రోహిత్ వేముల మనకు లేకుండ పోయిండు. ఆ గాయం ఇంకా మానలేదు. కానీ అక్కడి విద్యార్థులు వెలివాడ కట్టి నిలబడ్డ తీరు కూడా అంతే నిజం. మొన్న 2025ల కంచ గచ్చిబౌలి 400 ఎకరాల చెట్ల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు సుప్రీంకోర్టు ఆపేదాక అడ్డం నిలిచింది కూడా ఆ క్యాంపస్ పిల్లలే. పోరాటం ఓయూ ఒక్కదాని సొత్తు కాదని ఒప్పుకోవాలె.

కాబట్టి ఎక్కడికి పోయినా అడగాల్సింది ఒకటే. కష్టమొస్తే నా తలుపు కొట్టేటోళ్లు ఇక్కడ ఎవరున్నరు? సీనియర్లను కలవండి. మీ జిల్లా నుంచి, మీ వాడ నుంచి పోయినోళ్లను కలవండి. వెబ్‌సైట్ ఫొటోల్లో ఆ జవాబు దొరకదు.

మారేటోళ్లు ఏం చేయాలె?

మొదటి నెల, రెండు నెలల్లోపు పిలుపు వస్తే, పరిశోధన మీ తొవ్వ అయితే, పొండి. మొహమాటం వద్దు. మొదటి ఏడాది అయిపోయినంక సీటు వస్తే మాత్రం ఆగి ఆలోచించండి. మళ్ల మొదటి నుంచి రెండేండ్లు అంటే ఒక ఏడు గంగల కలిసినట్టే. పేద ఇంటికి ఒక ఏడు అంటే అప్పు మీద వడ్డీ, చెల్లె పెండ్లి, నాయిన కూలి. ఉన్నచోట పీజీ పూర్తిచేసి పీహెచ్‌డీకి అటు పొండి. తలుపు మూసుకపోదు.

ఇంకొకటి తెలుసుకోండి. సీటు వదిలేస్తే కట్టిన ఫీజు మునిగినట్టే అని భయపెడతరు. 2018 అక్టోబర్‌ల యూజీసీ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే మానుకుంటే మొత్తం ఫీజు, కొద్దిపాటి ప్రాసెసింగ్ ఖర్చు మినహా, వాపసు ఇవ్వాలె. 15 రోజుల లోపల అయితే 90 శాతం. చివరి తేదీ దాటి 15 రోజుల లోపల 80 శాతం, 30 రోజుల లోపల 50 శాతం. ఆ తర్వాత ఏమీ రాదు. అసలు సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకునే అధికారం ఏ సంస్థకూ లేదు. దరఖాస్తు కాగితం మీద ఇచ్చి, తారీఖు వేసి, ముద్ర వేయించుకోండి. నోటి మాట చెల్లదు.

అసలు ముడి మాత్రం ఇంకా కింద ఉన్నది. చానామంది పిల్లల టీసీ డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీ బీరువాల ఉంటది. ‘రీయింబర్స్‌మెంట్ రాలేదు, నువ్వు కట్టి తీస్కపో’ అంటరు. సర్కారు బకాయి పడుతది, కాలేజీ పిల్లల మెడ పట్టుకుంటది. బకాయిల కోసం 2025ల ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టినయి. యాజమాన్యాలకు బంద్ పెట్టే తాకత్ ఉన్నది. టీసీ లేక సీటు పోగొట్టుకున్న పిల్లకు ఏమున్నది? రెండు గొప్ప యూనివర్సిటీల నడుమ ఎంచుకునే స్వేచ్ఛ అని మనం మాట్లాడుకుంటున్నం. ఆ స్వేచ్ఛ ఒక బీరువా తాళం చెవి మీద ఆధారపడి ఉన్నది.

ఖాతా ఉన్నది, సీటు లేదు

2021ల యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. ఒక యూనివర్సిటీలో సంపాదించిన క్రెడిట్లు ఖాతాలో జమ అయితయి, ఇంకో యూనివర్సిటీకి తీసుకపోవచ్చు, ఏడేండ్ల దాకా చెల్లుతయి, డిగ్రీ ఇచ్చే చోట కనీసం సగం క్రెడిట్లు ఉంటే చాలు అన్నరు. వినడానికి బాగున్నది. పిల్లలందరితోటి ఖాతాలు తెరిపిస్తున్నరు. కానీ పీజీ రెండో ఏడాదిలకు నేరుగ వచ్చేటోళ్లకు సీట్లు ఎక్కడ? బ్యాంకుల పైసలున్నయి, తీసుకునే కౌంటర్ మాత్రం లేదన్నట్టున్నది కథ.

కుదరని పని అని చెప్పొద్దు. పాలిటెక్నిక్ పిల్లలు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలకు వస్తలేరా? ఇంకా వెనుకకు పొండి. 1938ల వందేమాతరం పాడినందుకు నిజాం సర్కారు ఉస్మానియా విద్యార్థులను వెళ్లగొడితే నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపులు తీసి చేర్చుకున్నది. పీవీ నరసింహారావు లా పట్టా తీసుకున్నది ఆ నాగపూర్ నుంచే. అప్పుడు కంప్యూటర్ లేదు, క్రెడిట్ బ్యాంకు లేదు. మనసు ఉన్నది, అంతే.

తార్నాక నుంచి గచ్చిబౌలికి సిటీ బస్సుల పోయేంత దూరం. ఆ రెండు యూనివర్సిటీలు ఒక్క టేబుల్ ముందు కూసుంటే మూడు పనులు అయితయి. ఒకటి, పీజీ రెండో ఏడాదిలకు ప్రతి డిపార్ట్‌మెంటుల కొన్ని సీట్లు, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. రెండు, రెండు ప్రవేశాల తారీఖులు ముందే సరిచూసుకొని, పిల్లలు రెండు చోట్ల ఫీజు కట్టే దుస్థితి తప్పించుడు. మూడు, రీయింబర్స్‌మెంట్ బకాయి పేరు మీద టీసీ ఆపే కాలేజీ మీద చర్య, బకాయి పెట్టిన సర్కారు నుంచి జవాబు. రాష్ట్ర యూనివర్సిటీ పరిశోధకులకు కూడా నాన్-నెట్ తీరుగ ఫెలోషిప్ ఇస్తే, ఎటు పోవాలె అన్న ప్రశ్నల సగం బరువు దానంతట అదే దిగుతది.

విద్యార్థి సంఘాలు రెండు క్యాంపస్‌లల్ల ఉన్నయి. ఎవరి జెండా వాళ్లకు ఉండనీయండి. ఈ మూడు డిమాండ్ల మీద మాత్రం ఒక్క వినతిపత్రం తయారుచేసి ఇద్దరు వీసీల టేబుళ్ల మీద, విద్యాశాఖ టేబుల్ మీద పెట్టాలె. వచ్చే ప్రవేశాల నోటిఫికేషన్ రాకముందే పెట్టాలె.