ఆ కాలంలో అంతేనా?

మా అన్నయ్య కూతురు హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తూ చందానగర్‌లో మా ఇంట్లోనే ఉంటోంది. రాత్రి ఎనిమిదిన్నరకి ఎమ్‌ఎమ్‌టీఎస్ దిగి ఇంటికొస్తుంది. హైటెక్ సిటీ తర్వాత హఫీజ్‌పేట, ఆ తర్వాత చందానగరే. ఆ కాసేపట్లోనే ఫోన్‌లో ఒక సీరియల్ భాగం చదివేస్తుంది. అన్నం దగ్గర కూర్చున్నప్పుడు కథ నాకు చెప్తుంది. ఈమధ్య చదువుతున్నది ఇలా ఉంది. గచ్చిబౌలిలో పనిచేసే అమ్మాయి ఒకరాత్రి క్యాబ్‌లో నిద్రపోతుంది. కళ్ళు తెరిచేసరికి కాకతీయుల కాలంలో ఉంటుంది. ఒక సామంతుడు ఆమెను గూఢచారి అనుకుని కోటలో బంధిస్తాడు. ఆ తర్వాత ప్రేమలో పడతాడు. ఒకరోజు కోపంలో చెంప మీద కొడతాడు. మర్నాటి భాగానికల్లా ఆమె క్షమించేస్తుంది.

"ఎందుకు క్షమించింది?" అన్నాను.

"అది పదమూడో శతాబ్దం అత్తా. ఆ కాలంలో అంతే కదా!" అంది పప్పు కలుపుకుంటూ.

నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. ఆ మాట నాకు కొత్తది కాదు. పదేళ్ళుగా ఆదివారాలు మా సంఘం కౌన్సెలింగ్‌లో కూర్చుంటున్నాను. అక్కడ ఆ మాట వినని ఆదివారం లేదు. కాకపోతే అక్కడ శతాబ్దం పేరు చెప్పరు. "మా ఇంట్లో పద్ధతి అంతే" అంటారు.

ఇలాంటి కథలు చదివే ఆడపిల్లల్ని వెక్కిరించడం నా ఉద్దేశం కాదు. మా వయసులో మేమూ వారపత్రికల సీరియళ్ళలో కోటీశ్వరుడైన కోపిష్ఠి హీరో కోసం వారమంతా ఎదురుచూసినవాళ్ళమే. ఆ కోపిష్ఠిని చదువుతూనే, ఇంకోపక్క వరకట్నం మీద ఊరేగింపులకూ వెళ్ళాం. రెండూ మేమే. కాబట్టి ఈ పిల్ల ఎందుకు చదువుతోంది, చదివి ఏం వెతుక్కుంటోంది అన్నదే నాకు కావాలి.

1991 జూలైలో 'ఆదిత్య 369' వచ్చింది. సింగీతం శ్రీనివాసరావు తీసిన ఆ సినిమాలో ఇప్పటి యువకుడు, అతని ప్రియురాలు కాలయంత్రమెక్కి 1526 నాటి విజయనగరానికి వెళ్తారు. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ థియేటర్లకొస్తే మేనకోడల్ని తీసుకుని వెళ్ళాను. మొదటిసారి చూసినప్పుడు తట్టనిది ఈసారి తట్టింది. నేటి ప్రేమికుడూ బాలకృష్ణే, శ్రీకృష్ణదేవరాయలూ బాలకృష్ణే. అమ్మాయి అయిదొందల ఏళ్ళు వెనక్కి వెళ్ళినా, పక్కన తనవాడు ఉండనే ఉన్నాడు. రాజుని చూసి ముచ్చటపడాలే తప్ప రాజుతో బతకాల్సిన అగత్యం ఆమెకు రాదు. రాయల కాలంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేస్, రాజుకి పన్నెండుమంది ధర్మపత్నులున్నారని రాశాడు. కాలయంత్రం తిరుమలదేవి అంతఃపురంలో ఒక నెల ఆగి ఉంటే అది వేరే సినిమా అయ్యేది.

అదే 1991లో అమెరికాలో డయానా గాబల్డన్ 'అవుట్‌లాండర్' నవల వచ్చింది. 2014లో టీవీ సీరియల్ కూడా అయింది. మా మేనకోడలు మొత్తం చూసింది. యుద్ధంలో నర్సుగా పనిచేసిన క్లెయిర్ 1945 నుంచి 1743 నాటి స్కాట్లండ్‌లో పడి, జేమీ అనే వంశపువాణ్ణి పెళ్ళిచేసుకుంటుంది. 1743ని మధ్యయుగం అనకూడదు గానీ, ఆ కొండల్లో దొరలూ వాళ్ళ మనుషులూ బతికిన తీరు మధ్యయుగానిదే. ఆమె మాట వినకపోవడంవల్ల అందరూ ప్రమాదంలో పడ్డారని జేమీ ఆమెను బెల్టుతో కొడతాడు. అది భర్త విధి అనుకుంటాడు. తర్వాత, ఇక నీమీద చెయ్యెత్తనని కత్తి పట్టుకుని ప్రమాణం చేస్తాడు. లక్షలమంది ఆడవాళ్ళు అతన్ని క్షమించారు, ప్రేమించారు కూడా. మన సామంతుడి చెంపదెబ్బ ఈ బెల్టుకి చుట్టమే.

ఇలాంటి కథలన్నిట్లో ఒకటి గమనించండి. కాలం అమ్మాయిని ఎప్పుడూ కోటలోకే దింపుతుంది. కోట బయట గుడిసెలోకి దింపదు. పట్టుబడినా సరే, ఆమె దొర గదికి దగ్గరగానే ఉంటుంది. మా నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో గడీ ఉండేది. గడీలో దొరసాని వెంట పుట్టింటినుంచి అరణంగా వచ్చిన ఆడబాపలుండేవాళ్ళు. వాళ్ళకి పెళ్ళి లేదు, ఇల్లు లేదు. దొరకీ దొర చుట్టాలకీ కాదనే వీల్లేదు. వెట్టి చేసే ఇళ్ళ ఆడవాళ్ళు పసిపిల్లల్ని చెట్టుకింద వదిలి గడీ పనికి వెళ్ళేవాళ్ళు. పాలివ్వడానికి అడిగి రావాలి. ఇది ఏడొందల ఏళ్ళనాటి మాట కాదు, నైజాం కాలంనాటి మాట. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీ శక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. దొరని కింద నుంచి చూసిన ఆడవాళ్ళకి అతను ఎలా కనిపించాడో తెలియాలంటే అది చదవాలి. మన పిల్లలకి సామంతుడి కత్తి, గుర్రం, మీసం తెలుసు. ఆ గుర్రానికి గడ్డి కోసుకొచ్చింది ఎవరో ఏ సీరియలూ చెప్పదు.

ఇదంతా చెప్తే మేనకోడలు ఓపిగ్గానే విన్నది. విని, "సరే అత్తా. కానీ అతను మారతాడు కదా!" అంది. "కొట్టాక ఆమె అతన్ని కూర్చోబెట్టి చెప్తుంది. మా కాలంలో ఇది తప్పు అంటుంది. అతను ఒక రాత్రంతా ఆలోచిస్తాడు. మళ్ళీ జన్మలో చెయ్యెత్తడు. మా ఆఫీసులో ఒక్కణ్ణి చూపించు అలా ఆలోచించేవాణ్ణి!"

ఈ మాటకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. రెండు మూడు రోజులు దీని గురించే ఆలోచించాను.

కిందటేడు ఒకామె మా దగ్గరికొచ్చింది. ఇక్కడి అపార్ట్‌మెంట్లలోనే ఉంటుంది, భర్తకంటే ఎక్కువ జీతం. జీతం పడిన సాయంత్రానికే డబ్బు అతని ఖాతాలోకి వెళ్ళిపోతుంది. ఆటోకి కూడా అతన్నే అడగాలి. రెండుసార్లు చెయ్యి చేసుకున్నాడు. భర్తని పిలిపించాం. మంచి చదువు, మెత్తటి మాట. వాళ్ళ తాతలకి ఒకప్పుడు గడీ ఉండేదట. "మా వంశంలో డబ్బు మగవాళ్ళ చేతిలోనే ఉంటుంది మేడమ్, మా అమ్మ ఎన్నడూ అడగలేదు" అన్నాడు. గృహహింస చట్టం 2005లో వచ్చిందనీ, 2006 అక్టోబర్ నుంచి అమల్లో ఉందనీ, భార్య సంపాదన లాక్కోవడాన్ని అది ఆర్థిక హింస అంటుందనీ చెప్పబోతే, అతనే అందుకుని సెక్షన్ నంబరుతో సహా చెప్పాడు. మాకంటే బాగా తెలుసు. ఆరుసార్లు కూర్చున్నాం. ఆరోసారి కూడా అదే మెత్తటి నవ్వు.

మేనకోడలు సామంతుణ్ణి ఎందుకు ఇష్టపడుతోందో నాకు అప్పుడు అర్థమైంది. అతనికి తెలియదు. తెలియక కొట్టాడు కాబట్టి, తెలిస్తే మానేస్తాడని ఆశ పెట్టుకోవచ్చు. చందానగర్ భర్తకి అన్నీ తెలుసు. తెలిసి చేసేవాడికి ఇక చెప్పడానికేముంది? అందుకే తెలియనివాణ్ణి వెతుక్కుంటూ ఈ పిల్లలు ఏడెనిమిది శతాబ్దాలు వెనక్కి పోతున్నారు. కత్తి మీదా గుర్రం మీదా మోజు అనుకున్నాను నేను. చెప్తే వినేవాడి మీద మోజు ఇది.

ఆ ఆశ న్యాయమైనదే. కానీ దానికి పునాది ఒక అబద్ధం. ఆ కాలపు మగవాడికి చెప్పేవాళ్ళు లేరన్నది అబద్ధం.

మా ఇంటి ముందున్న ముంబయి రోడ్డు పట్టుకుని జహీరాబాద్, హుమ్నాబాద్ మీదుగా వెళ్తే బసవకళ్యాణం వస్తుంది. పన్నెండో శతాబ్దంలో అది కల్యాణి, పెద్ద రాజధాని. అక్క మహాదేవి అక్కడికి నడిచి వచ్చిందంటారు. ఇప్పటి శివమొగ్గ జిల్లాలోని ఉడుతడి ఆమె ఊరు. కౌశికుడనే రాజు ఆమెను చూసి మోహించాడు. పెళ్ళి జరిగిందని కొందరు చెప్తారు, జరగలేదని కొందరు. హరిహరుడనే కన్నడ కవి రాసిన కథలో మాత్రం ఆమె షరతులు పెట్టి ఒప్పుకుంటుంది. పూజలో ఎంతసేపుంటానన్నది నా ఇష్టం, శివభక్తులతో ఎంతసేపుంటానన్నది నా ఇష్టం, గురువుతో ఎంతసేపుంటానన్నదీ నా ఇష్టం. మీరితే వెళ్ళిపోతాను. అతను మీరాడు. మూడుసార్లు మీరాడు. ఆమె వెళ్ళిపోయింది. అతనిచ్చిన బట్ట కూడా అక్కడే వదిలేసి, జుట్టుతో ఒళ్ళు కప్పుకుని వెళ్ళిందని చెప్తారు. కల్యాణి నుంచి శ్రీశైలం చేరి అక్కడి కదళీవనంలో ఉండిపోయిందంటారు. ఇప్పటికీ శ్రీశైలం నుంచి కృష్ణలో పడవ మీద ఆమె పేరున్న గుహలకి జనం వెళ్తారు.

ఈ కథలో ఎంత చరిత్ర, ఎంత భక్తి అన్నది పండితులు తేల్చుకోనీండి. నాకు కావలసింది ఒకటే. మధ్యయుగపు రాజుతో మధ్యయుగపు స్త్రీ షరతులు మాట్లాడిందని ఆ కాలం వాళ్ళే ఊహించగలిగారు, ఆమెని గౌరవించారు కూడా. అతనికి చెప్పడానికి గచ్చిబౌలి నుంచి ఎవరూ రానక్కర్లేకపోయింది. అతను విన్నాడు, ఒప్పుకున్నాడు, మాట తప్పాడు. మరి "ఆ కాలంలో అంతే" అని మనం ఎవరి తరఫున మాట్లాడుతున్నాం? ఆ కాలంలో కౌశికుడూ ఉన్నాడు, మహాదేవీ ఉంది. మనం కాలాన్నంతా కౌశికుడికే రాసిచ్చేస్తున్నాం.

రాసిచ్చెయ్యడం అన్నాను కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. అదే కల్యాణిలో, అక్కకి కొంచెం ముందు, ఆరో విక్రమాదిత్యుడి కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్య స్మృతికి 'మితాక్షర' అనే వ్యాఖ్య రాశాడు. పదమూడో శతాబ్దంలో కేతన దాన్ని తెలుగులోకి తెచ్చాడు. స్త్రీధనం విషయంలో విజ్ఞానేశ్వరుడు చాలామందికంటే ఉదారుడే. వారసత్వంగా వచ్చినదాన్ని కూడా స్త్రీధనంలో చేర్చాడు. దాన్ని కుదించింది తర్వాతి కాలపు ఇంగ్లీషు న్యాయమూర్తులు. కానీ తాతల ఆస్తిలో పుట్టుకతో హక్కు కొడుకులదే అన్నది మాత్రం చెక్కుచెదరకుండా మన కోర్టుల్లోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకి ఆ హక్కు దొరికింది. దేశమంతా దొరకడానికి 2005 దాకా పట్టింది. అంటే కల్యాణి ప్రభువుల నాటి మాట నా చిన్నతనమంతా మా ఇంట్లో చెల్లుబాటయింది. సామంతుణ్ణి కలవడానికి మా తరానికి కాలయంత్రం అవసరం లేకపోయింది.

నా పెళ్ళి 1988లో అయింది. కాబట్టి చట్టం నాకు వర్తిస్తుంది. 1996లో అన్నయ్య ఇంటికొచ్చి, నాన్న పొలం కాగితాలు సర్దుతున్నామనీ, సంతకానికి రావాలనీ చెప్పాడు. అది హక్కు విడుదల దస్తావేజు అని నాకు తెలుసు. అప్పటికే రెండు సభల్లో ఆస్తిహక్కు మీద మాట్లాడి ఉన్నాను. "మనిళ్ళల్లో ఆడపిల్లలు అడగరు కదమ్మా" అన్నాడు అన్నయ్య, చాలా ప్రేమగా. రిజిస్ట్రేషన్ ఆఫీసులో బొటనవేలికి సిరా పూశారు. బయటికొచ్చాక చీర పెట్టాడు. అది నెమలికంఠం రంగు గద్వాల చీర. నా చీరల్లోకెల్లా ఖరీదైనది అదే.

తెలిసి చేసేవాళ్ళ గురించి ఇందాక చాలా చెప్పాను. తెలిసి సంతకం పెట్టినదాన్ని కూడా ఆ వరసలోనే నిలబెట్టుకోవాలి.

ఇది మేనకోడలికి ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ళ నాన్న కదా. కానీ అక్క మహాదేవి కథ చెప్పిన రాత్రి ఇదీ బయటికొచ్చేసింది. అది చాలాసేపు మాట్లాడలేదు. దానికో తమ్ముడున్నాడు. ఆ పొలం పక్కనుంచి ఇప్పుడు పెద్ద రోడ్డు పోయింది.

"ఆ కాగితం నకలు నీ దగ్గర ఉందా అత్తా?" అంది చివరికి.

అటకమీది ట్రంకుపెట్టెలో ఉంది. దించి ఇచ్చాను. ఫోన్ పక్కన పెట్టి, నాలుగు పేజీలూ మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది. అర్థంకాని మాట వచ్చినప్పుడల్లా ఆగి నన్ను అడిగింది.