గుడ్లున్న పులసకే గిరాకీ!

చలికాలంలో అమెరికాలోని మిన్నెసోటాలో నదులూ సరస్సులూ గడ్డకడతాయి. మంచు నాలుగంగుళాల మందం దాటితే చాలు, జనం దానిమీదికి నడిచెళ్లి కన్నం తొలిచి, గాలమేసి ‘వాలై’ చేపల్ని పడతారు. అదంటే అంత ఇష్టం! అయినా గుడ్లుపెట్టే కాలంలో, అంటే ఫిబ్రవరి ఆఖరు నుంచి మే నడిమిదాకా చాలాచోట్ల ఆ వేట ఆపాల్సిందే.

మన పులస సంగతి వేరు. సముద్రంలో ఇలసగా తిరిగే ఈ చేప, గోదావరికి ఎర్రనీరు రాగానే గుడ్లు పెట్టడానికి ఎదురీదుతూ వస్తుంది. మనకు అదే సీజన్‌! పుస్తెలమ్మైనా తినాలంటారు. గుడ్లున్నదైతే ధర ఇంకా ఎక్కువ. వలలు తప్పించుకున్నవాటికి ధవళేశ్వరం బ్యారేజీ అడ్డు. తూర్పు తీరంలో ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకూ సముద్రంలో వేట నిషేధం. పులస ఏరులోకి వచ్చేది ఆ తర్వాతే. గుడ్లు పెట్టేదాకా కొన్నిటినైనా వదిలేస్తేనే రేపు మన పిల్లలకూ పులస పులుసు దక్కేది.