పిల్ల చేతికి అందని మృదంగం

"ఎదిగే పిల్లాడు కదండీ, పెద్దదే తీసుకోండి." మృదంగం కొనబోయిన తండ్రికి ముందుగా దొరికే సలహా ఇదే. చొక్కా అయితే చేతులు మడిచి తొడగొచ్చు. 24 అంగుళాల పనస కర్రని ఎక్కడ మడుస్తారు?

నా తొమ్మిదో ఏట నా ముందు అలాంటిదే పెట్టారు. రెండు మూతలూ అందాలంటే భుజాలు చెవుల దాకా లేచేవి. ఎడమ చెయ్యి తొప్పి (ఎడమ మూత) మీద వాలాలంటే నడుము ఒరిగిపోయేది. "నిటారుగా కూర్చో" అని వీపు మీద ఎన్ని చరుపులు పడ్డాయో! వాద్యం పొడవెక్కువని మాత్రం ఒక్కరూ అనలేదు.

అసలు హింస కుడి మూత దగ్గర. 'నం' అనే దెబ్బ పలకాలంటే ఉంగరపు వేలు నడిమి నల్లటి కరణి అంచున తేలిగ్గా ఆని ఉండాలి, చూపుడు వేలు మూత చుట్టూ ఉండే మీటు మీద పడాలి. వెడల్పాటి మూత మీద ఆ దూరం పసి చేతికి అందదు. అందక మణికట్టు వంకర తిప్పుతుంది, వేళ్లు బిగిస్తుంది. నాదం మూగబోతుంది. గట్టిగా వాయించమంటాం. ఇంకా బిగుస్తుంది. పదేళ్లు పోయాక మూడో కాలంలో ఆ బిగువు బయటపడితే, వీడికి వేగం లేదని తీర్పు చెప్పేస్తాం. వేగాన్ని చంపింది మనం!

పొడవాటి మృదంగం తగ్గు శ్రుతి కోసం. ఒకటి, ఒకటిన్నరలో పాడే మగ గాత్రానికి అది కావాలి. ఐదు, ఐదున్నరలో పాడే ఆడ గాత్రానికి పొట్టిదే పక్కన నిలుస్తుంది. కచేరీ అవసరాన్ని బట్టి మారే కొలత అది, విద్వత్తుకి గుర్తు కాదు. తొలి పాఠం 'త ధి తొం నం' దగ్గరున్న పిల్ల ఇంకా ఎవరికీ పక్కవాద్యం వాయించడం లేదు కదా! 20 అంగుళాలదో, కాస్త ఎదిగితే 22దో ఇవ్వడానికి అడ్డేమిటి? పక్క గదిలో వయొలిన్ నేర్చుకునే పిల్లకి అర సైజు, ముప్పావు సైజు ఇస్తున్నారు. అక్కడ ఎవరి పరువూ పోలేదు.

"ఆడపిల్ల మృదంగం మోయలేదు" అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మృదంగ విద్వాంసురాలు నిడుమోలు సుమతి గారికి 2021లో పద్మశ్రీ ఇచ్చిన దేశంలోనా ఈ మాట? ఒదగని వాద్యం ఒళ్లో పెట్టి, ఆ చేతినే తప్పుపట్టడం అన్యాయం.

డబ్బు చేతికిచ్చే ముందు పిల్లని అక్కడే చాప మీద కూర్చోబెట్టండి. మోచేతులు పక్కటెముకల దగ్గరే ఉండాలి, రెండు అరచేతులూ మూతల మీద నిండుగా ఆనాలి. భుజం లేచిందంటే ఆ మృదంగం వద్దనండి. రెండేళ్లకి మళ్లీ కొనాలా అని గొణుగుతారా? పెద్దపిల్లలు వాయించి వదిలేసిన పొట్టి మృదంగాలు ఎన్ని ఇళ్ల అటకల మీద లేవు! దింపండి. మూతలు కొత్తవి వేయించి, కింది క్లాసు పిల్లకివ్వండి.