రంగుకు కాదు, మోసిన బరువుకు మార్కులు వేయాలి

ఏటా సైన్సు ఫెయిర్ వచ్చిందంటే మన స్కూళ్లలో, హాస్టళ్లలో ఒక తంతు నడుస్తుంది. బేగంబజారుకు పోయి థర్మకోల్ షీట్లు, రంగు కాగితాలు, చిన్న బల్బులు కొనుక్కొస్తారు. రాత్రంతా మేలుకొని ఒక వంతెన తయారు చేస్తారు. కింద నీలిరంగు పూసి నది అంటారు. పైన రెండు బొమ్మకార్లు పెడతారు. ముఖ్య అతిథి వచ్చి, చూసి, భుజం తట్టిపోతారు. ఆ వంతెన మీద ఒక్క నోటుపుస్తకం పెట్టి చూపించమని ఎవరూ అడగరు. పెడితే నిలబడదని అందరికీ తెలుసు కాబట్టి!

మాలో కొందరు చదివిన ఒక పాఠశాలలో చీపురు పుల్లలతో వంతెన కట్టి, దాని మీద నాలుగు ఇటుకలు పేర్చి చూపించిన పిల్లలు ఉన్నారు. "చూడ్డానికి బాగాలేదు" అని దాన్ని మూలన పెట్టించారు. లైట్లు వెలిగే థర్మకోల్ వంతెనకు మొదటి బహుమతి ఇచ్చారు. ఇది చిన్న విషయమే కావచ్చు. కానీ ఆ రోజు అక్కడున్న పిల్లలందరూ ఒక పాఠం నేర్చుకున్నారు. పని చేయడం కన్నా కనపడటం ముఖ్యం అని. ఆ పాఠం తప్పని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాం.

మేము ఇలాంటి హాస్టళ్లలోనే పెరిగి ఇప్పుడు పి.జి. చేస్తున్నవాళ్లం. మా ఇళ్లలో డిగ్రీ పట్టా మొట్టమొదట చేతపట్టింది మేమే. మాలో ఇంజనీరింగు చదివినవాళ్లు తక్కువ. అయినా వంతెన గురించి మాట్లాడే హక్కు మాకుంది. ఎందుకంటే మన హాస్టల్ పిల్లల తల్లిదండ్రుల్లో అడ్డా మీద నిలబడి కూలికి పోయేవాళ్లు, సెంట్రింగ్ కొట్టేవాళ్లు, సలాక వంచేవాళ్లు, తాపీ మేస్త్రీలు ఎంతోమంది. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి డ్యాములు కట్టారని గొప్పగా చెప్పుకుంటాం. కట్టిన చేతులు మనవే. కానీ ఆ కాగితం మీద గీత గీసిన చెయ్యి మాత్రం మనది కాదు. ఆ గీత దగ్గరికి మన పిల్లలు ఎప్పుడు చేరతారన్నదే అసలు ప్రశ్న.

ఇక మన ఊరి సంగతి చూద్దాం. పాతబస్తీలో ఉండి వంతెన గురించి పుస్తకంలోనే చదవాల్సిన పనిలేదు. పురానాపూల్ 1578లో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో కట్టింది. చార్మినార్ కట్టింది 1591లో. అంటే ఊరికన్నా వంతెనే పెద్దది. 1908 సెప్టెంబరు 28న మూసీకి మహా వరద వచ్చింది. వేలమంది కొట్టుకుపోయారు. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన ఆ వరదకు ఆగలేకపోయాయి. పురానాపూల్ నిలబడింది. ఆ రోజుల్లో నదికి ఈ ఒడ్డునూ ఆ ఒడ్డునూ కలిపింది ఆ పాత రాళ్లే. అందులో ఇనుము లేదు, సిమెంటు లేదు. కమాను ఉంది. కమానులో ప్రతి రాయీ పక్క రాయిని నొక్కుతుంది, ఆ రాయి దాని పక్కదాన్ని నొక్కుతుంది. అలా బరువంతా రెండు పక్కల పాదాల్లోకి దిగిపోతుంది. రాయికి నొక్కుడంటే భయం లేదు, లాగుడంటేనే భయం. ఈ ఒక్క మాట అర్థమైతే కమాను ఎందుకు గుండ్రంగా ఉంటుందో ఆరో తరగతి పిల్లవాడు కూడా చెప్పగలడు.

వంతెన ఒక్కటే గట్టిగా ఉంటే చాలదని కూడా మూసీయే నేర్పింది. వరద తరువాత 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు. నీటిని పైనే ఆపాలని ఆయన సూచించారు. అలా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. అయినా 2025 సెప్టెంబరులో మూసీ పొంగి ఎం.జి.బి.ఎస్. బస్టాండులోకి నీళ్లొచ్చాయి. నదిని మరిచిపోయి వంతెన గురించి ఆలోచిస్తే లాభం లేదు.

బలహీనమైన వంతెన అంటే ఏమిటో మన రాష్ట్రంలో తెలియనివాళ్లు లేరు. 2005 అక్టోబరు 29 తెల్లవారుజామున నల్గొండ జిల్లా వలిగొండ దగ్గర చెరువు కట్ట తెగి, ఆ నీళ్లకు చిన్న రైలు వంతెన కొట్టుకుపోయింది. రేపల్లె నుంచి సికింద్రాబాద్ వస్తున్న డెల్టా ప్యాసింజరు ఆ గండిలో పడింది. వందమందికి పైగా చనిపోయారు. ప్యాసింజరు బండిలో వచ్చేదెవరు? మనలాంటివాళ్లే. 2007 సెప్టెంబరులో పంజాగుట్ట ఫ్లైఓవరు కడుతుండగానే ఒక భాగం కూలింది. కాబట్టి వంతెన గట్టిదా కాదా అన్నది పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న కాదు. ప్రాణాల ప్రశ్న.

మరి పిల్లలు దీన్ని నేర్చుకోవాలంటే ఏం కావాలి? లక్షలు పెట్టి ల్యాబు అక్కర్లేదు. వంద ఐస్‌క్రీం పుల్లలు, ఒక ఫెవికాల్ డబ్బా, కొంచెం సుతిలి తాడు, పాత దినపత్రికలు, ఒక బకెట్టు చాలు. ఐస్‌క్రీం పుల్లలు దొరక్కపోతే కొబ్బరి చీపురు ఈనెలు కట్టకట్టినా పనికొస్తాయి. దినపత్రికను గట్టిగా చుట్టి గొట్టం చేస్తే అదీ పనికొస్తుంది.

నాలుగు పుల్లలతో ఒక చతురస్రం చేసి మూలలకు గుండుసూదులు గుచ్చండి. వేలితో తోస్తే పక్కకి ఒరిగిపోతుంది. అదే మూడు పుల్లలతో త్రిభుజం చేయండి. ఎంత తోసినా ఒరగదు. తొమ్మిదో తరగతి లెక్కల్లో భు-భు-భు నియమం అని బట్టీపట్టాం కదా, మూడు భుజాలు తెలిస్తే త్రిభుజం ఒక్కటే వస్తుందని! వంతెనలో త్రిభుజాలు పెట్టేది అందుకే. రాజమండ్రి దగ్గర గోదావరి మీద 1974లో తెరిచిన రోడ్డు, రైలు వంతెనను చూస్తే ఈ త్రిభుజాలే వరుసగా కనిపిస్తాయి. అక్కడే తరువాత కట్టిన రైలు వంతెన విల్లులా వంగిన కమానులతో ఉంటుంది. ఒకే నది మీద రెండు ఆలోచనలు.

ఇంకో లెక్క చూడండి. రెండు బల్లల మధ్య 60 సెం.మీ. దూరం ఉంది. నడుమ 20 కిలోల బరువు వేలాడదీశాం. వంతెన ఎత్తు 5 సెం.మీ. అయితే పైపుల్లల మీద పడే నొక్కుడు, కిందిపుల్లల మీద పడే లాగుడు ఒక్కొక్కటి సుమారు 60 కిలోలు. ఎత్తు 10 సెం.మీ. చేస్తే అది 30 కిలోలకు తగ్గుతుంది. అలాగని ఎత్తు పెంచుకుంటూ పోతే నిలువు పుల్లలు, ఏటవాలు పుల్లలు పొడుగై, నొక్కుడు పడ్డవి విల్లులా వంగిపోతాయి. నొక్కుడు పడే పుల్లను సగం పొడుగుకు తగ్గిస్తే వంగకుండా మోసే శక్తి నాలుగు రెట్లు పెరుగుతుంది. అందుకే పైపుల్లలను జంటగా అతికించాలి, రెండు పక్కల గోడలను అడ్డపుల్లలతో కలపాలి. అతుకుల దగ్గర చిన్న అట్టముక్క అంటించాలి. ఫెవికాలు కనీసం ఒక రోజు ఆరనివ్వాలి. చాలా వంతెనలు విరిగేది పుల్ల మధ్యలో కాదు, అతుకు దగ్గరే.

ఇప్పుడు పోటీ ఎలా ఉండాలో మా ప్రతిపాదన చెబుతాం. నలుగురు ఒక జట్టు. అందరికీ ఒకే సామాను హాస్టలే ఇవ్వాలి. బయటి నుంచి ఏదీ తేకూడదు. అప్పుడు డబ్బున్నవాడు, లేనివాడు అన్న తేడా ఉండదు. ముందు చార్టు మీద కొలతలతో బొమ్మ గీయాలి. ఎక్కడ విరుగుతుందో ముందే రాసివ్వాలి. వంతెనను కిరాణా తక్కెడలో తూచాలి. తరువాత నడుమ బకెట్టు వేలాడదీసి మగ్గుతో నీళ్లు పొయ్యాలి. లీటరు నీళ్లంటే కిలో. మోసిన బరువును వంతెన సొంత బరువుతో భాగించాలి. 200 గ్రాముల వంతెన 20 కిలోలు మోస్తే వంద వస్తుంది. బొమ్మకు 10 మార్కులు, ముందే చెప్పిన ఊహకు 10, మోసిన బరువుకు 20, ఎందుకు విరిగిందో వివరించినందుకు 10. రంగుకు సున్నా.

విరిగిన వంతెనకు కూడా మార్కులున్నాయి చూశారా! అదే ముఖ్యం. మన పిల్లలు తప్పు జవాబు అంటే భయపడి చెయ్యి ఎత్తరు. ఇక్కడ ప్రతి వంతెనా చివరికి విరగాల్సిందే. విరిగినచోట గుమిగూడి "ఎందుకు?" అని అడగడమే చదువు.

"పదో తరగతి ఫలితాలు ముఖ్యం, ఈ పుల్లలాట ఎందుకు" అని కొందరు పెద్దలు అంటారు. ఫలితాలు ముఖ్యమే, కాదనం. ఆ ఫలితాల వల్లే మేమూ ఇక్కడిదాకా వచ్చాం. కానీ దీనికి పోయేది నాలుగు ఆదివారాలు. స్టడీ అవర్ ముట్టుకోనక్కర్లేదు. పైగా త్రిభుజం, బలం, నిష్పత్తి, సగటు అన్నీ సిలబస్సులోవే. ఇంజనీరు కాని పిల్లవాడికి ఎందుకు అంటే, రేపు తన బస్తీలో నాలా మీద కల్వర్టు కడుతుంటే నిలబడి ప్రశ్న అడగడానికి. కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మానక్ పథకంలో ఎంపికైన బడిపిల్లల ఆలోచనకు రూ. 10,000 ఇస్తారు. ఆ ఆలోచన పుట్టాలంటే ముందు చేతికి పుల్ల, జిగురు అందాలి.

ఆడపిల్లల హాస్టళ్లలో కూడా ఈ పోటీ తప్పకుండా పెట్టాలి. 2025 జూన్ 6న జమ్మూ కాశ్మీర్‌లో ప్రారంభమైన చీనాబ్ రైలు వంతెన నది నుంచి 359 మీటర్ల ఎత్తున ఉంది. దాని ఉక్కు కమాను 467 మీటర్లు. ఆ కొండవాలు జారిపోకుండా, పునాదులు నిలిచేలా ఏళ్ల తరబడి సలహాలిచ్చిన ఆచార్య జి. మాధవీలత ప్రకాశం జిల్లా పల్లె నుంచి వచ్చినవారు. కాకినాడలో బి.టెక్., వరంగల్‌లో ఎం.టెక్., మద్రాసు ఐ.ఐ.టి.లో పిహెచ్.డి. చేశారు. తెలుగు పల్లె నుంచి చీనాబ్ దాకా దారి ఉందని మన చెల్లెళ్లకు ఎవరు చెబుతారు? మనమే చెప్పాలి.

వార్డెన్ సార్లకు, మేడమ్‌లకు మా విన్నపం ఒక్కటే. వచ్చే వార్షికోత్సవానికి థర్మకోల్ కొనే డబ్బుతో పుల్లలు, జిగురు కొనండి. పూర్వ విద్యార్థులారా, మీలో మేస్త్రీలున్నారు, డిప్లొమా చేసినవాళ్లున్నారు, సైట్ సూపర్‌వైజర్లున్నారు. ఒక్క ఆదివారం వచ్చి పిల్లల పక్కన కూర్చోండి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఈ వారమే ఒకసారి పురానాపూల్ దాకా నడిచి, కిందికి వంగి ఆ కమానులు చూసి రండి. సామాను ఖర్చు మా జట్టు భరిస్తుంది. తక్కెడ మేమే తెస్తాం. బకెట్టు మాత్రం హాస్టల్‌ది.