డబ్బాలోని నూనె పారబోయకండి

కాకినాడ నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం నాలుగు రోజులుగా నా బల్లమీదనే ఉన్నది. ఆమె ఒక్కగానొక్క కూతురు ఇటలీలో బొలోనా నగరంలో చదువుకుంటున్నది. నలుగురు ఆడపిల్లలకు కలిపి ఒకటే వంటగది, ఒకటే పొయ్యి. కాలేజీ నుంచి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది.

"ఏం తిన్నావే అని ఫోనులో అడిగితే 'తిన్నానులే అమ్మా' అంటుంది. రెట్టించి అడిగితే విసుక్కుంటుంది. మొన్న వాళ్ళ నాన్నగారితో మాత్రం చెప్పిందట, వారంలో నాలుగు రోజులు డబ్బా చేపా, రొట్టే అని! తోటిపిల్లలు అందులో మయొనైజ్ కలుపుకుంటారట. దీనికి ఆ వాసనే పడదు. ఉత్త చేప రొట్టెలో పెట్టుకుని మింగుతున్నదట. అది విన్నప్పటినుంచి నాకు ముద్ద దిగడం లేదు. డబ్బాలో నిలవ ఉన్న చేప అసలు తినవచ్చునా? మయొనైజ్ లేకుండా దాన్ని రుచిగా చేసుకునే దారి ఏదైనా ఉన్నదా?" అని అడుగుతున్నారు.

సోదరీ, ముందు మీరు కడుపునిండా భోంచెయ్యండి. మీ అమ్మాయి తినేది తినకూడని వస్తువేమీ కాదు.

నిలవ అనగానే మనకు పాచి అన్న భావం కలుగుతుంది. కాని డబ్బా సంగతి వేరు. 1810లో నికొలా అపేర్ అనే ఫ్రెంచి మిఠాయి వ్యాపారి ఒక పద్ధతిని లోకానికి వెల్లడించి, ప్రభుత్వం నుంచి 12,000 ఫ్రాంకుల బహుమానం పొందాడు. పదార్థాన్ని గాజుసీసాలో నింపి, గాలి దూరకుండా బిరడా బిగించి, మరిగే నీళ్ళలో ఉంచడమే ఆ పద్ధతి. అదే సంవత్సరం ఇంగ్లండులో పీటర్ డ్యురాండ్ రేకు డబ్బాకు పేటెంటు తీసుకున్నాడు. ఈనాడు చేపను డబ్బాలో పెట్టి, మూత అతికించిన తరువాత, మన ప్రెషర్ కుక్కరులో వలెనే ఆవిరి ఒత్తిడితో 100 డిగ్రీలకు పైన ఉడికిస్తారు. లోపల క్రిములు చస్తాయి, కొత్తవి చేరే దారి ఉండదు. అందుచేతనే అది నిలవుంటుంది.

అయితే డబ్బా ఉబ్బినా, కారుతున్నా, అతుకు దగ్గర లోతుగా సొట్టపడినా, రుచి కూడా చూడకుండా పారవెయ్యాలి. తెరిచాక మిగిలినదాన్ని డబ్బాలోనే ఉంచకుండా గాజుగిన్నెలోకి తీసి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో ఉంచి, రెండు రోజులలోపల తినెయ్యాలి.

ఇక మయొనైజ్ సంగతి. గుడ్డు పచ్చసొనలో నూనెను కొద్ది కొద్దిగా పోస్తూ, పులుపు చేర్చి గిలకొట్టితే వచ్చే ముద్దే మయొనైజ్. అది లేనిదే డబ్బా చేపకు రుచి రాదనుకోవడం పొరపాటు. మీ అమ్మాయి ఉన్న బొలోనాకు దక్షిణాన కొండలు దాటితే టస్కనీ. అక్కడివారు డబ్బా ట్యూనా చేపనూ, తెల్ల చిక్కుడుగింజలనూ, ఉల్లిపాయనూ ఆలివ్ నూనెతో కలుపుకుని తింటారు. ఇటాలియనులో దీనిని 'తొన్నో ఎ ఫజోలి' అంటారు, అంటే చేపా గింజలూ అని. పొయ్యితో పనే లేదు.

దీనిలో కిటుకు ఒక్కటే. ఆవకాయ జాడీలో పైకి తేలిన నూనెను మనం పారబోస్తామా? వేడి అన్నంలో ముందు కలుపుకునేది దాన్నే కదూ! అలాగే ఆలివ్ నూనెలో ఊరిన చేప డబ్బా తెచ్చుకుంటే, ఆ నూనెకు చేప రుచి పట్టి ఉంటుంది. మయొనైజ్ చేసే పనిని అదే చేస్తుంది. చాలామంది దానిని తొట్టిలో వంపేసి, చేప పిడచగా ఉన్నదని ఫిర్యాదు చేస్తారు.

ఒకరికి కావలసినవి: ఆలివ్ నూనెలో ఊరిన చిన్న చేప డబ్బా ఒకటి, 400 గ్రాముల తెల్ల చిక్కుడుగింజల డబ్బాలో సగం, ఉల్లిపాయ సగం, టమాటా ఒకటి, చిన్న దోసకాయ ముక్క, ఉంటే ఆరేడు ఆలివ్ కాయలు, పార్స్లీ ఆకు గుప్పెడు, నిమ్మకాయ సగం, మిరియాల పొడి.

ఉల్లిపాయను పలుచగా తరిగి, పది నిమిషాలు చన్నీళ్ళలో వేసి, పిండి తియ్యండి; ఘాటు తగ్గుతుంది. దానిమీద నిమ్మరసం పిండండి. గింజలను జల్లెడలో వేసి, నీళ్ళతో కడిగి వాడ్చండి. జిగురూ, కొంత ఉప్పూ పోతాయి. టమాటా, దోస ముక్కలు చేర్చండి. చివరకు చేపను నూనెతో సహా వేసి, పెద్ద ముక్కలుగా విడదీసి, రెండుసార్లు పైకీ కిందికీ తిప్పండి. మెదిపితే ముద్ద అవుతుంది, సుమా! పైన ఆకు, మిరియాల పొడి చల్లి, పది నిమిషాలు ఊరనివ్వండి. చేపలోనూ, ఆలివ్ కాయలలోనూ ఉప్పు ఉంటుంది గనుక రుచి చూసిన తరువాతనే ఉప్పు ముట్టుకోవాలి. నీళ్ళలో ఊరిన చేప అయితే ఆ నీళ్ళు వంపేసి, రెండు పెద్ద చెంచాల ఆలివ్ నూనె పోసుకోవాలి.

మయొనైజ్ లేదు గనుక ఒళ్ళు తగ్గుతుందని మాత్రం చెప్పను. మయొనైజ్ పెద్ద చెంచాడులో సుమారు 90 కాలరీలుంటే, ఆలివ్ నూనెలో 120 ఉంటాయి. ఇక్కడ లాభం రుచిలోనూ, గింజలూ కూరలూ కూడా కడుపులో పడటంలోనూ ఉన్నది.

వారానికి నాలుగు రోజులూ ట్యూనాయే వద్దని చెప్పండి. పెద్ద చేప చిన్న చేపలను తిని పెరుగుతుంది గనుక దాని ఒంట్లో పాదరసం ఎక్కువ చేరుతుంది. గర్భిణీ స్త్రీలు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. మార్చి మార్చి సార్డీన్లు తినడం మంచిది. అవి మన కోస్తాలో దొరికే కవళ్ళ జాతివే. వాటిలో పాదరసం బాగా తక్కువ, మెత్తబడిన ముళ్ళతో సహా తింటే సున్నమూ దక్కుతుంది.

శాకాహారులు ఈ పేజీ తిప్పెయ్యనక్కర లేదు. చేపకు బదులు ఉడికించిన కాబూలీ సెనగలు వేసి, ఆలివ్ నూనె పోసుకుంటే ఇదే వంట మీకూ కుదురుతుంది.

చివరగా ఆ సోదరికి ఒక్క మాట. అంత దూరాన ఒంటరిగా ఉన్న పిల్లకు 'ఏం తిన్నావు?' అన్న ప్రశ్న పరీక్ష పేపరులా కనిపిస్తుంది. ఈ ఆదివారం మీరే ఇది చెయ్యండి. డబ్బా దొరక్కపోతే ఉడికించిన చేప ముక్కలూ, పార్స్లీకి బదులు కొత్తిమీరా చాలు. తరువాత ఫోనులో "నాకు పులుపెక్కువైందే, నీకెలా కుదిరింది?" అని అడిగి చూడండి. ఏం తిన్నదో తనే చెబుతుంది.