హంపి రేటింగులో కనబడని రెండేళ్లు

2025 జులైలో జార్జియాలోని బటూమీలో మహిళల ప్రపంచకప్ ఫైనల్ ఆడింది ఇద్దరూ మనవాళ్లే. ఒకరు 19 ఏళ్ల దివ్యా దేశ్‌ముఖ్, మరొకరు 38 ఏళ్ల కోనేరు హంపి. క్లాసికల్ గేములు రెండూ డ్రా, ర్యాపిడ్ టైబ్రేక్‌లో దివ్య గెలిచి గ్రాండ్‌మాస్టర్ కూడా అయింది. మర్నాటి నుంచి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట: హంపి పని అయిపోయిందని. ఫైనల్‌కి చేరడంతో ఆమెకి 2026 క్యాండిడేట్స్‌లో చోటు ఖాయమైన సంగతి ఎవరికీ పట్టలేదు.

గుడివాడలో పుట్టిన ఈ అమ్మాయి 2002లో, 15 ఏళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. మహిళల్లో జుడిత్ పోల్గార్ పేరిట ఉన్న రికార్డు చెరిగిపోయింది. 2007లో 2600 రేటింగ్ దాటింది. 2011లో ప్రపంచ టైటిల్ మ్యాచ్‌లో హౌ ఇఫాన్ చేతిలో ఓడింది. ఇంతవరకూ అందరికీ తెలిసిందే.

2017లో పాప పుట్టింది. దాదాపు రెండేళ్లు పోటీలకు దూరం. ఈ రేటింగ్ పద్ధతిని తయారుచేసిన ఆర్పాడ్ ఎలో ఇక్కడే విస్కాన్సిన్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్. బీఎస్సీ చదివినదాన్ని కాబట్టి ఆ సూత్రమంటే నాకు ముచ్చటే. ఎవరితో ఆడావు, ఫలితమేంటి, అంతవరకే దాని లెక్క. ఆడకపోతే పాయింట్లు తగ్గవు. అంటే కాగితం మీద ఆ రెండేళ్లకి నష్టమే లేదు! నష్టమంతా తిరిగొచ్చాకే. ఈలోగా ఓపెనింగులు మారిపోతాయి, కంప్యూటర్ల ముందు పెరిగిన పిల్లలు తక్కువ రేటింగుతో ఎదురు కూర్చుంటారు, వాళ్లతో డ్రా అయినా మన పాయింట్లు పోతాయి.

అలా తిరిగొచ్చిన మనిషి 2019లో మాస్కోలో ప్రపంచ ర్యాపిడ్ టైటిల్ గెలిచింది. 2024 డిసెంబర్లో న్యూయార్క్‌లో మళ్లీ గెలిచింది, మొదటి గేమ్ ఓడిపోయి కూడా 11కి 8.5 పాయింట్లతో. రెండూ తల్లయ్యాకే. పేపర్లలో అది ఒక వాక్యం, నా వరకు అదే అసలు వార్త.

ఇదంతా పట్టుదల అనేసి ఊరుకోవడం నాకు నచ్చదు. తండ్రి అశోక్ గారు లెక్చరర్ ఉద్యోగం వదిలి కోచ్ అయ్యారు. పాపని చూసుకోవడానికి అమ్మమ్మా తాతయ్యా ఉన్నారు. ఓఎన్‌జీసీలో ఉద్యోగం ఉంది కాబట్టి టోర్నమెంటు పోయిన నెలలో కూడా జీతం వస్తుంది. మన ప్రభుత్వ రంగ సంస్థలు ఆటగాళ్లకి ఇచ్చే ఈ ఉద్యోగాల్ని ఇక్కడున్న మనం తేలిగ్గా తీసిపారేస్తాం గానీ, అమెరికాలో బాగా ఆడేవాళ్లు కూడా చాలామంది పిల్లలకి పాఠాలు చెప్పుకునే బతుకుతారు.

వీకెండ్ టోర్నమెంట్లకి వెళ్తే ఎలిమెంటరీ సెక్షన్లో మన ఆడపిల్లలు బోలెడుమంది కనిపిస్తారు. హైస్కూల్ సెక్షన్‌కి వచ్చేసరికి ఒకరో ఇద్దరో. ఏమైందని అడిగితే ఇంట్రెస్ట్ పోయిందంటారు. కోచింగ్ ఫీజు అన్నకి కట్టారా, చెల్లికి కట్టారా, శనివారం పొద్దున్నే ఎవరి గేమ్‌కి కారు తీశారు అని మాత్రం ఎవరూ అడగరు.