నిరపరాధి నష్టానికి బాధ్యులెవరు?

వ్యక్తిస్వేచ్ఛ ప్రజాస్వామ్యానికి ఊపిరి వంటిది. అందువల్లనే మన రాజ్యాంగం 21వ అధికరణంలో జీవించే హక్కుతోపాటు దానికీ రక్షణ కల్పించింది. అరెస్టుకు కారణం తెలపాలనీ, ప్రయాణకాలం మినహా 24 గంటలలోగా నిందితుణ్ణి మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలనీ 22వ అధికరణం శాసిస్తోంది. అయితే ఈ హద్దును రక్షకభటులే అతిక్రమిస్తే బాధితునికి దిక్కెవరు?

ఇటువంటి బాధితుడు సివిల్ న్యాయస్థానంలో నష్టపరిహారానికి దావా వేయవచ్చు. కాని ఆ మార్గం ముళ్లబాట. తనపై దురుద్దేశంతో అభియోగం మోపారని నిరూపించడానికి కేసు కొట్టివేయబడితే చాలదు. దానికి సహేతుకమైన ఆధారం లేదనీ, పెట్టినవారి మనస్సులో ద్వేషబుద్ధి ఉన్నదనీ వాదియే రుజువు చేయాలి. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం ఇటువంటి దావా వేయడానికి గడువు ఒక్క సంవత్సరమే. జైలునుంచి బయటపడి కూలిపనికోసం వెతుక్కొనే పేదవాడు ఆ గడువులో న్యాయవాదిని ఏ విధంగా సమకూర్చుకోగలడు?

ప్రభుత్వాన్ని బాధ్యునిగా నిలబెట్టడం మరింత కష్టం. పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారాన్ని ఒక హెడ్ కానిస్టేబులే అపహరించి పారిపోయిన కేసులో, అరెస్టు, స్వాధీనం సార్వభౌమాధికారంలో భాగాలు కనుక రాజ్యం నష్టం చెల్లించనక్కరలేదని సుప్రీంకోర్టు 1964లో తీర్పు చెప్పింది.

1983లో సుప్రీంకోర్టే కొత్త దారి తెరిచింది. బీహారులో ఒక ఖైదీ 1968లోనే నిర్దోషిగా తేలినా, 1982 వరకు చెరలోనే మగ్గాడు. అతనికి ప్రభుత్వం మొత్తం 35,000 రూపాయలు చెల్లించాలని న్యాయస్థానం ఆదేశించింది. శాసనసభకు వెళ్తున్న సభ్యుడు భీమ్‌సింగ్‌ను జమ్మూకాశ్మీర్ పోలీసులు అక్రమంగా నిర్బంధించినందుకు 1985లో 50,000 రూపాయలు ఇప్పించింది. 1994లో గూఢచర్యం నింద మోపబడిన అంతరిక్ష శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 2018లో 50 లక్షల రూపాయలు మంజూరు చేసింది. ఆయనపై మోపిన ఆరోపణలు నిరాధారమని సి.బి.ఐ. 1996లోనే తేల్చినా, ఈ తీర్పు వెలువడేసరికి అరెస్టయి దాదాపు 24 ఏళ్లు గడిచిపోయాయి!

ఈ తీర్పులు అభినందనీయమైనవే. కాని ఇవి న్యాయస్థానం విచక్షణతో లభించినవేగాని, బాధితుడు హక్కుగా అడిగి పొందినవి కావు. హైదరాబాదులో 2007 నాటి మక్కామసీదు పేలుడు అనంతరం అరెస్టయి, నిర్దోషులుగా విడుదలైన యువకులకు ప్రభుత్వం ఇచ్చిన పరిహారపు ఉత్తర్వులను 2013లో హైకోర్టు కొట్టివేసింది. ప్రత్యేక చట్టం లేనిచోట దయతో ఇచ్చినది నిలవదని ఈ ఉదంతం సూచిస్తుంది. అన్యాయంగా అభియోగానికి గురైనవారికి పరిహారం ఇచ్చే చట్టం చేయాలనీ, అందుకు ప్రత్యేక న్యాయస్థానాలు నెలకొల్పాలనీ లా కమిషన్ 2018లో తన 277వ నివేదికలో సిఫార్సు చేసింది. ఆ సిఫార్సు ఇంకా చట్టరూపం దాల్చలేదు.

పరిహారపు భయం వెంటాడితే పోలీసులు నేరస్థులను పట్టుకోవడానికి జంకుతారని కొందరి వాదన. ఇది పూర్తిగా తోసిపుచ్చదగినది కాదు. నేరపరిశోధనలో పొరపాట్లు సహజం. అయితే పొరపాటు వేరు, పన్నాగం వేరు. సదుద్దేశంతో పనిచేసిన అధికారిని శిక్షించమని ఎవరూ కోరరు. అతని పొరపాటు వల్ల కలిగిన నష్టాన్ని ప్రభుత్వం భరించాలి. తెలిసి తెలిసి తప్పుడు సాక్ష్యం సృష్టించిన అధికారి నుంచి మాత్రం ఆ సొమ్మును రాబట్టాలి. అలా కానప్పుడు ఒక అధికారి కక్షకు ప్రజలు చెల్లించిన పన్ను మూల్యమవుతుంది.

పోయిన యౌవనాన్ని, చెదిరిన కుటుంబాన్ని ధనం తిరిగి తేలేదు. అయినా పరిహారం రాజ్యం తన తప్పును అంగీకరించిందనడానికి గుర్తు. దానిని దయాదానంగా గాక హక్కుగా పొందే చట్టం రావాలి. అప్పుడే 21వ అధికరణం సామాన్యునికి సార్థకమవుతుంది.